పోస్ట్‌గ్రెస్ రెప్లికేషన్: ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ వెనకున్న సర్వర్‌కి క్లౌడ్ నుంచి కనెక్ట్ అవ్వట్లేదు, కాస్త చెప్పండి

గుంటూరు_కోల్డ్‌రూమ్

అందరికీ నమస్తే. మాది గుంటూరు పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజ్, అక్కడ అకౌంట్సు కంప్యూటర్లు రెండూ నేనే చూస్తా. డేటాబేస్ పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నదే, కోర్సు ఏం చెయ్యలేదు.

పోయిన మార్చిలో ఏమైందంటే సీజన్ మాంచి ఊపులో ఉండగా ఒక సాయంత్రం కరెంటు హెచ్చుతగ్గులకి సర్వర్ హార్డ్ డిస్క్ పోయింది. ఉన్న బ్యాకప్ నాలుగు రోజుల కిందటిది. మూడు రాత్రులు కూర్చుని గేటు స్లిప్పులు చూసి మళ్ళీ ఎక్కించాం. ఆ మధ్యలో ఒక పెద్దాయన వచ్చి బాండ్ కాగితం మడతలు విప్పి కౌంటర్ మీద పెట్టి "బాబూ, నా 62 టిక్కీలు ఉన్నాయా లేవా, రేపు బ్యాంకులో లోనుకి పెట్టాలి" అని అడిగాడు (టిక్కీ అంటే మిర్చి బస్తా), సిస్టమ్‌లో ఆయన లాటే లేదు. సరుకు ఛాంబర్‌లో ఉంది, అయినా చూపించలేకపోయా. అది ఇప్పటికీ మనసులోంచి పోవట్లా. ఈ సీజన్‌లో ఆ పరిస్థితి మళ్ళీ రాకూడదని మా ఓనర్‌ని ఒప్పించి క్లౌడ్‌లో చిన్న మెషీన్ తీసుకున్నా, అందులో స్టాండ్‌బై పెట్టాలని, అంటే ఇక్కడ ఎక్కేదంతా రెప్లికేషన్‌తో వెంటవెంటనే కాపీ అయ్యే రెండో డేటాబేస్.

వివరాలు: ఆఫీసు సర్వర్‌లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 14, కింద ఉబుంటు లినక్స్. డేటాబేస్ 38 జీబీ, స్లిప్పుల ఫొటోలు కూడా అందులోనే ఉన్నాయి. ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్, అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ దాకా వస్తది. పోస్ట్‌గ్రెస్ ఏ అడ్రస్‌ల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్‌లో స్టార్ (అన్నీ) పెట్టా, ఎవరు కనెక్ట్ అవ్వచ్చో రాసే హెచ్‌బీఏ ఫైల్లో క్లౌడ్ ఐపీకి ఒక లైను రాశా, బయట్నుంచి వచ్చేది సర్వర్‌కి చేరేలా రూటర్లో పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432ని ఫార్వర్డ్ చేశా, పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ కూడా చేశా. ఆఫీసులో పక్క ల్యాప్‌టాప్ నుంచి టక్కున కనెక్ట్ అవుతోంది, క్లౌడ్ నుంచి మాత్రం చాలాసేపు ఆగి ఆగి టైమవుట్. రెండ్రోజులుగా ఇదే. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి ప్లీజ్.

రాజమండ్రి_రూటర్

బ్రదర్, ముందు ఆ పోర్ట్ ఫార్వర్డ్ తీసేయండి, ఇప్పుడే. 5432 నెట్‌లో కనపడితే పాస్‌వర్డ్‌లు కొట్టి చూసే బాట్లు గంటల్లో వచ్చి పడతాయి.

ఇక మీ ప్రశ్న. ఎర్రర్ మాటని బట్టే సగం తెలిసిపోద్ది. "రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే ప్యాకెట్ ఆ మెషీన్ దాకా వెళ్ళింది, అక్కడ ఆ పోర్ట్ మీద ఎవరూ వినట్లేదు అని (కొన్ని ఫైర్‌వాల్స్ కూడా అలా తిప్పి పంపుతాయి అనుకోండి). "హెచ్‌బీఏలో ఎంట్రీ లేదు" అని వస్తే నెట్‌వర్క్ మొత్తం బాగున్నట్టే, పోస్ట్‌గ్రెస్సే నోరు తెరిచి చెప్తోంది. మీకు వచ్చేది టైమవుట్, అంటే ప్యాకెట్ మధ్యలో ఎక్కడో పోతోంది, పోస్ట్‌గ్రెస్ దాకా రానే లేదు. కాబట్టి హెచ్‌బీఏ ఫైలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

రూటర్ పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) ఎంతుందో చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది నెట్ కంపెనీ వాళ్ళ సీజీనాట్ అడ్రస్, ఒకే పబ్లిక్ ఐపీని చాలా కనెక్షన్లకి పంచుతారు. ఆ పైన ఉన్న నాట్ (అడ్రస్ మార్చి పంపేది) మీ చేతిలో ఉండదు, మీ రూటర్లో ఎంత ఫార్వర్డ్ పెట్టినా బయట్నుంచి లోపలికి రాదు.

గుంటూరు_కోల్డ్‌రూమ్

పోర్ట్ ఫార్వర్డ్ తీసేశా అన్నా. వాన్ ఐపీ 100.7 పక్కన ఇంకేవో అంకెలు, ఆగండి మళ్ళీ చూశా, 100.78. మీరన్నట్టే ఉంది. అయితే స్టాటిక్ ఐపీ కొనాల్సిందేనా?

పాత_డీబీఏ

కొనక్కర్లేదు తమ్ముడూ. ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక: స్ట్రీమింగ్ రెప్లికేషన్‌లో ఫోన్ చేసేది స్టాండ్‌బై, ఎత్తేది ప్రైమరీ, అంటే అసలు సర్వర్. డేటా ప్రైమరీ నుంచి పోతుంది కాబట్టి ప్రైమరీయే కనెక్ట్ అవుతుందని చాలామంది అనుకుంటారు, కాదు. నీ కేసులో ఎత్తాల్సిన వాడు సీజీనాట్ వెనకాల కూర్చున్నాడు, చేసేవాడు పబ్లిక్ ఐపీ ఉన్న క్లౌడ్‌లో ఉన్నాడు. సరిగ్గా తిరగబడింది.

అందుకని కింద ఒక టన్నెల్ (రెండు మెషీన్ల మధ్య ప్రైవేటు దారి) వెయ్యి, అది గుంటూరు వైపు నుంచి బయటికి లేచేలా. దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ చాలు, 2020 నుంచి లినక్స్ కెర్నెల్లోనే ఉంది, పాత కెర్నెల్ అయినా ప్యాకేజీ దొరుకుద్ది. క్లౌడ్ వైపు యూడీపీ 51820 ఒక్కటే తెరువు. క్లౌడ్‌కి 10.8.0.1, గుంటూరుకి 10.8.0.2 ఇచ్చుకో. గుంటూరు కాన్ఫిగ్‌లో ఎండ్‌పాయింట్‌గా క్లౌడ్ అడ్రస్ రాయి, పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 పెట్టు. అది పెట్టకపోతే కాసేపు ట్రాఫిక్ లేనప్పుడు నాట్ ఆ దారి మర్చిపోద్ది, ఆ తర్వాత క్లౌడ్ నుంచి పిలిచినా గుంటూరుకి వినపడదు. క్లౌడ్ కాన్ఫిగ్‌లో గుంటూరుకి ఎండ్‌పాయింట్ రాయక్కర్లేదు, అదే తెలుసుకుంటుంది. అలౌడ్ ఐపీస్ రెండు వైపులా స్లాష్ 32 (ఒక్క అడ్రస్) మాత్రమే, మొత్తం నెట్‌వర్క్ తెరవకు.

తర్వాత పోస్ట్‌గ్రెస్. లిజన్ అడ్రసెస్‌లో స్టార్ తీసేసి లోకల్‌హోస్ట్, నీ ఆఫీసు లాన్ ఐపీ, 10.8.0.2, ఈ మూడూ రాయి. దీనికి రీస్టార్ట్ కావాలి, రీలోడ్ చాలదు. హెచ్‌బీఏ ఫైల్లో డేటాబేస్ కాలమ్‌లో "రెప్లికేషన్" అనే పదమే రాయాలి, యూజర్ రెప్లికేషన్ హక్కు ఒక్కటే ఉన్న వేరే యూజర్, అడ్రస్ 10.8.0.1/32, పద్ధతి స్క్రామ్ (పాస్‌వర్డ్ తనిఖీ). "ఆల్" అని రాస్తే అన్నీ కవర్ అయిపోతాయి అనుకుంటారు, కానీ ఫిజికల్ రెప్లికేషన్ కనెక్షన్‌కి ఆ "ఆల్" వర్తించదు, నా దగ్గరకి వచ్చే పది కేసుల్లో నాలుగు ఇదే. ఇంకోటి, పైనుంచి కిందకి మొదట సరిపోయిన లైనే లెక్క, దాంట్లో ఫెయిల్ అయితే కింది లైన్లు చూడనే చూడదు. హెచ్‌బీఏకి రీలోడ్ చాలు. లైను తప్పు రాశావేమో అనుమానం ఉంటే పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ వ్యూలో ఎర్రర్ కాలమ్ చూడు.

వాల్ అంటే ప్రతి మార్పూ ముందుగా రాసుకునే లాగ్, స్టాండ్‌బైకి పోయేది అదే. వాల్ లెవల్, వాల్ సెండర్ల సంఖ్య ముట్టుకోకు, వెర్షన్ 10 నుంచి డిఫాల్టులే రెప్లికేషన్‌కి సరిపోతాయి. సింక్రనస్ స్టాండ్‌బై నేమ్స్ ఖాళీగానే ఉంచు. అందులో ఈ క్లౌడ్ పేరు రాశావా, నెట్ పోయినప్పుడల్లా గేటు దగ్గర ప్రతి ఎంట్రీ కమిట్ అవ్వకుండా నిలబడిపోద్ది, బయట లారీలు లైను కడతాయి.

మైసర్వర్_తెనాలి

ఐపీవీ6 (కొత్త రకం, పొడుగు ఐపీ అడ్రస్) ఉందేమో చూస్కోండి, చాలా బ్రాడ్‌బ్యాండ్‌లలో ఇస్తున్నారు, దాంట్లో సీజీనాట్ గోల ఉండదు, డైరెక్ట్‌గా పోవచ్చు కదా

పాత_డీబీఏ

పోవచ్చు, కానీ రూటర్ రీబూట్ అయితే ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) మారిపోయే కనెక్షన్లే ఎక్కువ, పైగా రూటర్లో లోపలికొచ్చే ఐపీవీ6ని ఆపే ఫైర్‌వాల్ ఉంటుంది, దాన్ని తెరిచే ఆప్షన్ అన్ని రూటర్లలో ఉండదు. రోజూ కరెంటు పోయే చోట టన్నెలే నయం.

గుంటూరు_కోల్డ్‌రూమ్

అన్నా మీరు చెప్పినట్టే చేశా, టన్నెల్ లేచింది! హ్యాండ్‌షేక్ కనపడుతోంది, రెండు వైపులా పింగ్ వెళ్తోంది. క్లౌడ్ నుంచి పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్) పెట్టి 10.8.0.2కి లాగిన్ అయితే పాస్‌వర్డ్ తీసుకుంది, లాట్ల టేబుల్ కౌంట్ అడిగితే అంకె వచ్చింది, ఆ అంకె చూసి భలే సంతోషమేసింది.

కానీ బేస్‌బ్యాకప్, అంటే స్టాండ్‌బై కోసం డేటాబేస్ మొత్తం మొదటి కాపీ, మొదలుపెడితే సున్నా శాతం దగ్గర నిలబడిపోతోంది. ఎర్రర్ ఏం లేదు. ఇరవై నిమిషాలు చూసి ఆపేశా, మళ్ళీ పెట్టా, మళ్ళీ అంతే. ఇంకోటి గమనించా, పీఎస్‌క్యూఎల్‌లో కౌంట్ వస్తోంది గానీ లాట్ల టేబుల్లో వంద వరసలు చూపించమంటే అక్కడ కూడా అలాగే బిగుసుకుపోతోంది. ఐదు వరసలు అడిగితే మాత్రం వస్తున్నాయి.

మైసర్వర్_తెనాలి

బేస్‌బ్యాకప్ మొదట్లో చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులు డిస్క్‌కి రాయడం) కోసం ఆగుతుంది కదా, అదేమో? ఫాస్ట్ చెక్‌పాయింట్ ఆప్షన్ ఇచ్చి చూడండి

డల్లాస్_నైట్‌షిఫ్ట్

ఐదు వరసలు వస్తున్నాయి వంద రావట్లేదు అన్న ఆ ఒక్క మాటే అసలు క్లూ అండి, చాలా మంచి గమనిక. చెక్‌పాయింట్ అయితే మామూలు సెలెక్ట్ ఆగదు కదా. ఇది ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చనే హద్దు. చిన్న ప్యాకెట్లు దూరుతున్నాయి, నిండు ప్యాకెట్లు దూరట్లేదు. సైకిల్ పట్టే సందులోకి మిర్చి లారీ వచ్చినట్టు. లాగిన్, కౌంట్ అన్నీ చిన్నవే కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది, అసలు డేటా మొదలవ్వగానే ఆగిపోతుంది.

మూడు విషయాలు చెప్పండి. మీ ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈనా, అంటే రూటర్లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయ్యే రకమా? వైర్‌గార్డ్ ఎండ్‌పాయింట్‌లో క్లౌడ్ మెషీన్ ఐపీ రాశారా, పేరు రాశారా? స్టేటస్‌లో ఎండ్‌పాయింట్ దగ్గర చుక్కల అడ్రస్ కనిపిస్తోందా, కోలన్‌ల అడ్రస్సా?

గుంటూరు_కోల్డ్‌రూమ్

పీపీపీఓఈనే అండి. పేరు రాశా. స్టేటస్‌లో కోలన్‌లతో పొడుగ్గా ఉంది.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

అయితే లెక్క కుదిరింది. వైర్‌గార్డ్ డిఫాల్ట్ ఎంటీయూ 1420. టన్నెల్ ఐపీవీ6 మీద పోతే ఒక్కో ప్యాకెట్‌కి 80 బైట్లు పైన చేరతాయి, మొత్తం 1500. మామూలు ఈథర్‌నెట్‌కి అది సరిగ్గా సరిపోతుంది. కానీ పీపీపీఓఈలో 8 బైట్లు దాని హెడర్‌కే పోతాయి, మిగిలేది 1492. ఆ 8 బైట్లే మీ బేస్‌బ్యాకప్‌ని ఆపేశాయి. ఐపీవీ4 మీద పోయుంటే 60 బైట్లే చేరేవి, 1480తో బయటపడేవాళ్ళు. ఐపీవీ6లో మధ్య రూటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యవు, "పెద్దదైంది" అని ఐసీఎంపీ మెసేజ్ పంపాలి, ఆ మెసేజ్‌ని ఎవరో బ్లాక్ చేసినా, పంపాల్సిన వాళ్ళు పంపకపోయినా ఇలా చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

నమ్మేముందు పరీక్ష చెయ్యండి. గుంటూరు నుంచి 10.8.0.1కి పింగ్, మైనస్ పెద్ద ఎం డూ (ముక్కలు చెయ్యొద్దని), మైనస్ చిన్న ఎస్ 1372 (సైజు). తర్వాత అదే 1392తో. పింగ్ తన వంతు 28 బైట్లు కలుపుకుంటుంది కాబట్టి మొదటిది 1400, రెండోది 1420. మొదటిది వెళ్ళి రెండోది వెళ్ళకపోతే నేను చెప్పిందే. రెండు వైపులా వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ సెక్షన్‌లో ఎంటీయూ 1412 రాయండి, 1492లోంచి 80 తీస్తే వచ్చేది. ఇంటర్‌ఫేస్ దించి ఎక్కించండి.

గుంటూరు_కోల్డ్‌రూమ్

1372 వెళ్ళింది, 1392కి ఒక్క రిప్లై కూడా రాలా. 1412 పెట్టా, వంద వరసలూ టకటకా వచ్చేశాయి!! థాంక్యూ సో మచ్ అండి, అక్కడ అర్ధరాత్రి అయ్యుంటుంది, అయినా కూర్చుని చెప్పారు.

రాత్రి పదింటికి గేటు మూశాక బేస్‌బ్యాకప్ పెట్టా, రెండుంబావు గంటలు పట్టింది. మైనస్ పెద్ద ఆర్ పెట్టడంతో స్టాండ్‌బై సిగ్నల్ ఫైలు, ప్రైమరీ కనెక్షన్ వివరాలు అన్నీ అదే రాసుకుంది, స్లాట్ (స్టాండ్‌బై ఎంతవరకు అందుకుందో ప్రైమరీ గుర్తుపెట్టుకునేది) కూడా దాంతోనే క్రియేట్ చేశా. క్లౌడ్‌లో పోస్ట్‌గ్రెస్ స్టార్ట్ చేసి గుంటూరులో పీజీ_స్టాట్_రెప్లికేషన్ చూస్తే ఒక వరస, స్టేట్ "స్ట్రీమింగ్". గేటు దగ్గర ఒక టెస్ట్ లాట్ ఎక్కించి అటు చూసేలోపే అక్కడుంది.

ఒక్కటే మళ్ళీ. పొద్దున కరెంటు పోయి యూపీఎస్ కూడా చాలక సర్వర్ రీబూట్ అయింది. అప్పట్నుంచి క్లౌడ్ లాగ్‌లో కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వరసగా పడుతున్నాయి. టైమవుట్ కాదు, రెఫ్యూజ్డ్. కాబట్టి టన్నెల్ బాగుంది, పోస్ట్‌గ్రెస్సే వినట్లేదు అని అర్థం చేసుకున్నా. చేత్తో రీస్టార్ట్ చేస్తే సరైంది. ప్రతిసారీ చేత్తో అంటే కుదరదు కదా అన్నా, నేను ఛాంబర్‌లో ఉంటా ఒక్కోసారి.

పాత_డీబీఏ

సరిగ్గా చదివావు. బూట్ అయ్యేటప్పుడు వైర్‌గార్డ్ కన్నా ముందు పోస్ట్‌గ్రెస్ లేచింది. ఆ క్షణానికి 10.8.0.2 అనే అడ్రస్ మెషీన్‌లో లేదు, పట్టుకోలేకపోయా అని లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి మిగతా అడ్రస్‌లతో లేచిపోద్ది, తర్వాత అడ్రస్ వచ్చినా మళ్ళీ ప్రయత్నించదు. గేటు దగ్గర ఎంట్రీలు మామూలుగా నడుస్తాయి కాబట్టి ఎవరికీ తెలీదు, అందుకే ఇది ప్రమాదం. బూట్‌లో సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీలో పోస్ట్‌గ్రెస్ సర్వీస్‌కి ఒక ఓవర్‌రైడ్ రాయి, ఆఫ్టర్ అని, వాంట్స్ అని వైర్‌గార్డ్ సర్వీస్ పేరు పెట్టు. రిక్వైర్స్ పెట్టకు, టన్నెల్ లేవని రోజు పోస్ట్‌గ్రెస్ కూడా లేవకుండా కూర్చుంటుంది.

నెట్ ఊడి మళ్ళీ వచ్చినప్పుడు ఒక నిమిషం పాటు "స్లాట్ ఇంకొకరు వాడుతున్నారు" అని ఎర్రర్ రావచ్చు, కంగారు పడకు. పోయిన కనెక్షన్ చచ్చిందని ప్రైమరీకి తెలియడానికి వాల్ సెండర్ టైమవుట్ 60 సెకన్లు పడుతుంది, అది వదిలాక స్టాండ్‌బై దానంతట అదే అతుక్కుంటుంది.

స్లాట్ గురించి మాత్రం జాగ్రత్త. క్లౌడ్ మెషీన్ ఎన్ని రోజులు ఆగిపోయినా దానికి కావాల్సిన వాల్ ఫైళ్ళన్నీ గుంటూరు డిస్క్ మీదే దాచి ఉంచుతుంది, ఒక్కోటి 16 ఎంబీ. డిస్క్ నిండితే పోస్ట్‌గ్రెస్ పడిపోద్ది, కాపాడ్డానికి పెట్టిందే ముంచుతుంది. మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ డిఫాల్ట్‌గా హద్దు లేకుండా ఉంటుంది, నీ డిస్క్‌లో ఖాళీ చూసుకుని 20 జీబీ అలా పెట్టు. హద్దు దాటితే స్టాండ్‌బై తెగిపోద్ది, బేస్‌బ్యాకప్ మళ్ళీ తియ్యాలి, అంతే, గేటు మాత్రం ఆగదు.

రోజూ డంప్ (విడి బ్యాకప్ ఫైలు) తియ్యడం మానకు. ఎవరైనా వేర్ (ఏ వరసలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొడితే అది సెకనులో స్టాండ్‌బైలో కూడా డిలీట్ అవుతుంది.

గుంటూరు_కోల్డ్‌రూమ్

అన్నీ చేశా. రెండుసార్లు కావాలనే రీబూట్ చేసి చూశా, దానంతట అదే కలిసింది. నెట్ కేబుల్ 40 నిమిషాలు పీకి ఉంచి మళ్ళీ పెడితే మీరన్న ఆ స్లాట్ ఎర్రర్ కూడా రాలేదు, వెనకబడ్డదంతా చకచకా లాక్కుంది.

ఇప్పుడొకటి భయంగా ఉంది. ఆ 62 టిక్కీల పెద్దాయన లాట్ నంబర్‌తో స్టాండ్‌బైలో వెతికా, వచ్చింది. ఆయన పేరుతో వెతికితే రాలేదు. గుంటూరులో పేరుతో వెతికితే వస్తోంది. డేటా మధ్యలో పాడైందా?

డల్లాస్_నైట్‌షిఫ్ట్

రెండు మెషీన్లలో ఉబుంటు ఏ వెర్షనో చెప్పండి.

గుంటూరు_కోల్డ్‌రూమ్

గుంటూరు 18.04, క్లౌడ్ 22.04.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

డేటా పాడవ్వలేదు, ఊపిరి పీల్చుకోండి. నెట్‌వర్క్‌కి కూడా సంబంధం లేదు. పేర్లని ఏ వరసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 18.04లో ఉన్నది 2.27, 22.04లో 2.35. మధ్యలో 2018లో వచ్చిన 2.28లో ఆ వరస నియమాలు బాగా మారాయి. మీ ఇండెక్స్ (పేరు త్వరగా వెతకడానికి పెట్టుకునే పట్టిక) పాత వరసలో కట్టింది, అది బైటు తేడా లేకుండా క్లౌడ్‌కి కాపీ అయింది, క్లౌడ్ మెషీన్ కొత్త వరస ప్రకారం వెతుకుతోంది, అందుకే ఆ పేరు ఉండాల్సిన చోట కనపడలేదు. లాట్ నంబర్ అంకె కాబట్టి దొరికింది. ఇండెక్స్ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ రెండూ ఆఫ్ చేసి అదే పేరు వెతకండి, వస్తుంది.

స్టాండ్‌బై చదవడానికే కాబట్టి అక్కడ రీఇండెక్స్ (ఇండెక్స్ మళ్ళీ కట్టడం) కుదరదు. గుంటూరు మెషీన్ ఎప్పుడైనా పోయి క్లౌడ్‌ని ప్రమోట్ చేస్తే (అసలు సర్వర్‌గా మారిస్తే), కౌంటర్ తెరిచేముందు మొదటి పని రీఇండెక్స్ డేటాబేస్, ఇది ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి. అసలు పరిష్కారం రెండు వైపులా ఒకే ఉబుంటు. సీజన్ అయ్యాక గుంటూరుని 22.04కి తేండి, 20.04 మీదుగా రెండు అంచెల్లో వెళ్ళాలి, వెళ్ళాక అక్కడ రీఇండెక్స్, ఆ తర్వాత బేస్‌బ్యాకప్ కొత్తగా.

గుంటూరు_కోల్డ్‌రూమ్

స్కాన్‌లు ఆఫ్ చేసి వెతికా, వచ్చింది, 62 టిక్కీలు, ఛాంబర్ 3. కాగితం ప్రింట్ తీసి సర్వర్ ర్యాక్ తలుపుకి లోపలి వైపు అంటించా. అప్‌గ్రేడ్ జూన్‌లో పెట్టుకుంటా, లోడ్లు రావడం ఆగాక. చేసే ముందు ఇక్కడే అడుగుతా.